ముందు చదువు

సల్వా, కువైట్
10 జనవరి 2025, శుక్రవారం

మా ఇంటి డాక్టరమ్మ పుష్పలతకు, సంతోషం పట్టలేక నీ నాయన తిమ్మయ్య రాస్తున్నది.

నువ్వు పాసైన సంగతి ఫోన్లో చెప్పినప్పుడు "సరేమ్మా" అని పెట్టేశాను. కోపమనుకున్నావేమో. కాదు తల్లీ. కారు వెనక సీట్లో మా యజమానురాలు, మామా, కూర్చొని ఉంది. అరవై మూడేళ్ల డ్రైవరు స్టీరింగు పట్టుకొని ఏడిస్తే ఎక్కిన మనిషికి భయం వేయదా? అందుకే సెలవు రోజు చూసి కాగితం పట్టాను. గురుకులంలో ఫోన్లు పనికిరావని మనం ఉత్తరాలు రాసుకునేవాళ్లం కదా, ఆ పద్ధతే మేలు. రాసి, ఫోటో తీసి పంపుతున్నాను. నువ్వూ అట్లే పంపు. ఫోన్లో మాట ఒకసారి వినగానే అయిపోతుంది. కాగితమైతే ఎన్నిసార్లయినా చదువుకుంటాను.

మొదటి ఏడు పాసు! ఈ మాట రాయడానికే చెయ్యి ఎగురుతోంది. సాల్మియాకు పోయి పెద్ద పళ్లెం నిండా కునాఫా మిఠాయి తెచ్చి మా వీధి డ్రైవర్లందరికీ పంచాను. మామా కూడా ఒక ముక్క తిని "మబ్రూక్, తిమ్మా! బిడ్డ దక్తోరా!" అని అభినందించింది. ఇరవై రెండేళ్ల నౌకరీలో ఆమె నన్ను చూసి నవ్వింది ఇది మూడోసారి.

ఒక్కడే అడ్డం పడ్డాడు. పక్కింటి డ్రైవరు హుస్సేన్ వలి, కడపాయన. "ఏం చదువుతాండాది పాప?" అన్నాడు. బి.ఎస్. అన్నాను. "బి.ఎస్. ఏందన్నా? డాక్టరంటే ఎం.బి.బి.ఎస్. గదా?" అన్నాడు. తర్వాత నిదానంగా ఆలోచించుకున్నాను. ఎం.బి. ఒక ముక్క, బి.ఎస్. ఒక ముక్క. అరబ్బీ కుడి నుంచి ఎడమకు రాసినట్టు, ఆ ఫిలిప్పీన్స్ వాళ్లు వెనకదాంతో మొదలుపెడతారు కాబోలు. రెండేళ్ల బి.ఎస్.లో సగం అయిందంటే మా పాప ఈ పొద్దుకు పావు వంతు డాక్టరు. ఇదే చెప్పాను. హుస్సేన్ వలి నోరు మూసుకొని ఇంకో ముక్క కునాఫా తీసుకున్నాడు.

ఇక అసలు పని. మామా ఇంట్లో వంట చేసే ఆసియా బీ నీకు తెలుసు కదా, రాయచోటి ఆమె. నీకు ఫోన్లో పాటలు పాడి వినిపించేది. ఆమె కాలి చిటికెన వేలి పక్కన పుండు పడింది. ఈ చలికి ఉప్పేసిన వేడినీళ్లు పోసుకుంటోంది. ఆమెకు షుగర్ ఉంది. రాయచోటి నుంచి వచ్చేవాళ్ల చేత మాత్రలు తెప్పించుకొని హార్లిక్స్ సీసాలో దాచుకుంటుంది. మామాకు తెలిస్తే ఇంటికి పంపేస్తుందని భయం. రంజాన్ దగ్గరికొస్తోంది, ఆ నెలంతా పొయ్యి దగ్గరే నిలబడాలి. "తిమ్మన్నా, ఆస్పత్రికి పోతే అంతా తెలిసిపోతాది. మన పాపే డాక్టరు గదా, ఒక మాట అడిగి చెప్పు" అంటోంది. ఒక మాట చెప్పు తల్లీ.

నీ గొప్పకు పొంగిపోతున్న
నాయన

*

దవావ్, ఫిలిప్పీన్స్
13 జనవరి

నాయనా,

నీ కాగితం చూసి ఎన్నాళ్లకో నవ్వాను. బస్సు కోసం నిలబడి, నోటుబుక్కు మోకాలి మీద పెట్టుకొని రాస్తున్నాను. రాత బాగుండదు. ఇంటర్ అయ్యాక తెలుగు రాసే పనే పడలేదు.

పొద్దున జువాలజీ ల్యాబ్‌లో కప్పను కోశాం. గుండె చాలాసేపు కొట్టుకుంటూనే ఉంది. మధ్యాహ్నం ఆర్గానిక్ కెమిస్ట్రీ. బోర్డు నిండా ఆరు మూలల గళ్లు గీసి, ఒక్కో మూలలో ఏముందో చెప్పమంటారు. పక్కవాళ్లకు కనిపించేది నాకు కనిపించడం లేదు.

నాయనా, ఒక సంగతి చెప్పాలి. నేను చదివేది వైద్యానికి ముందు చదువు. ఇది అయ్యాక ఇంకో పెద్ద పరీక్ష ఉంటుంది. అందుకని ఇప్పుడే అందరికీ చెప్పొద్దు.

ఆసియత్త కాలు చూసిన డాక్టరు చెప్పాలి గానీ నేను చెప్పేది కాదు. నాకు తెలిసినంతలో, షుగర్ ఉన్నవాళ్ల కాలికి వేడి తెలియదు. చర్మం కాలినా తెలియదు. ఆ వేడినీళ్లు పోసుకునేది ముందు మానెయ్యమను. ఎట్లయినా ఆస్పత్రికి తీసుకుపో.

బస్సు వచ్చింది.

పుష్ప

*

సల్వా
17 జనవరి, శుక్రవారం

డాక్టరమ్మా,

నీ ఉత్తరం పదకొండుసార్లు చదివాను. అప్పుడే నీకు డాక్టరు రాత వచ్చేసింది కదే! అక్షరాలన్నీ చీమలు పరుగెత్తినట్టున్నాయి. నా ఎడమ కంటికి పొర కూడా ఉంది కాబట్టి కుడి కన్నుతో, ఫోను పెద్దది చేసి చేసి చదివాను. చదివినకొద్దీ సంతోషమే.

'నేను చదివేది వైద్యానికి మందు చదువు' అన్నావు. అది నాకు తోచనే లేదు. మొదట మందులు నేర్పి, తర్వాత కోతలు నేర్పుతారన్నమాట. మంచి పద్ధతి. మందు తెలిసినవాడికి కత్తి తీసే పని సగం తప్పుతుంది. అందరికీ చెప్పొద్దన్నావు. దిష్టి తగులుతుందని నీ భయం, నాకు తెలియదా? అందుకే ఏడుగురికే చెప్పాను.

ఆసియాను వంటింటి గడప దగ్గర కూర్చోబెట్టి నీ ఉత్తరం చదివి వినిపించాను. కొంగు తల మీద కప్పుకొని వింది, అది దైవవాక్కు అయినట్టు. "మా మేనకోడలు చెప్పినాక ఇంగేముండాది?" అని నువ్వు చెప్పిన రెండూ ఆ పొద్దే మానేసింది. ఆస్పత్రి మాటకు మాత్రం నా రెండు చేతులూ పట్టుకుంది. "పాప చూసుకుంటాది గదన్నా" అంది. నేనూ బలవంతపెట్టలేదు. నువ్వున్నావు కదా.

మీ అమ్మకు ఫోన్ చేసి "గంగులమ్మా, నీ కూతురు అప్పుడే వైద్యం మొదలుపెట్టింది" అన్నాను. ఆమె ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

నాయన

*

దవావ్
25 జనవరి

నాయనా,

ఆలస్యంగా రాస్తున్నాను, ఏమీ అనుకోకు. పరీక్షలు. చదువు బాగానే ఉంది.

మందుల చదువని రాశావు. సరేలే, ఏ చదువైనా చదువే. ఆసియత్త మానేసింది, మంచిది. తగ్గకపోతే మాత్రం ఆస్పత్రికి పోవాల్సిందే.

అమ్మతో అట్లాంటి మాటలు ఇప్పుడే అనొద్దు.

పుష్ప

*

సల్వా
14 ఫిబ్రవరి, శుక్రవారం

నా బంగారుతల్లి పుష్పకు,

మూడు వారాలు రాయలేకపోయాను. మామా చెల్లెలి పెళ్లి. షర్క్‌కూ సల్వాకూ మధ్య తిరిగి తిరిగి కారు నాకంటే ముసలిదైంది. ఇప్పుడు ఈ వీధిలో నా పేరు తిమ్మయ్య కాదు. నిన్న హుస్సేన్ వలి చెయ్యి చాపి "డాక్టర్ నాయనా, నాడి చూడు" అన్నాడు. ఎగతాళికే అన్నాడు. అయినా నేను మణికట్టు పట్టుకొని చూశాను. "కొట్టుకుంటాండాది" అన్నాను. "అమ్మయ్య, బతికినా" అని వాడు నవ్వాడు, నేనూ నవ్వాను. ఎంత బాగుందో ఆ మాట! డాక్టర్ నాయన.

ఆసియా కాలు సంగతి. మొదటి వారం మంట తగ్గిందంది. ఇప్పుడు వేలు నల్లబడింది, పక్క వేలికీ పాకింది. నొప్పి మాత్రం లేదు కాబట్టి మానుతున్నట్టే అంటోంది. దప్పిక ఎక్కువైంది, నీళ్ల సీసా చంకలోనే ఉంటుంది. మొన్న పిండి కలుపుతూ కలుపుతూ కూలబడింది. నీ మాట మాత్రం తప్పలేదు. కంటికి కనిపిస్తే చెయ్యి దాని మీదికే పోతుందని హార్లిక్స్ సీసా తెచ్చి నా గదిలోనే పెట్టింది. నెల నుంచి ఒక్క మాత్ర ముట్టలేదు. ఇంకెన్నాళ్లు మందు మానాలి? ఆ సీసా మళ్లీ ఎప్పుడు తెరవమంటావు?

నీ జవాబు కోసం ఎదురుచూస్తూ
నాయన

*

14 ఫిబ్రవరి

నాయనా, మందు మానమని నేనెప్పుడు చెప్పాను? వేడినీళ్లు కదా మానమన్నాను! ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తడం లేదు. ఇది చూసిన క్షణమే ఆసియత్తను ఆస్పత్రికి తీసుకుపో. మామా ఏమన్నా సరే. మాత్రల సీసా వెంట తీసుకుపోయి డాక్టరుకు చూపించు, నెల నుంచి వేసుకోలేదని చెప్పు. కాలి వేలు నల్లబడిందని చెప్పు. ఇప్పుడే పో నాయనా.

*

సల్వా
21 ఫిబ్రవరి, శుక్రవారం

పుష్పలతకు,

ఏమని పిలవాలో తెలియక పేరే రాశాను.

ఆ రోజు ఎయిర్‌పోర్టులో పెళ్లివాళ్ల సామాన్లు మోస్తున్నాను. ఫోను కారులో ఉండిపోయింది. చూసుకునేసరికి నీవి పదిహేడు ఫోన్లు. ఆసియాను ఎత్తుకున్నట్టే తెచ్చి కారులో కూర్చోబెట్టాను. దారిలో ఒక్క మాటే అడిగింది, "పాప ఏమనింది?" అని. సిగ్నలు చూస్తున్నట్టు నటించాను.

రెండు వేళ్లు తీసేశారు. ఇంకో వారం ఆగివుంటే పాదమే పోయేదన్నారు.

ఆపరేషన్ మర్నాడు డాక్టరు వచ్చాడు. హిందీలో అడిగాడు, మాత్రలు ఎవరు మానమన్నారని. మామా మంచం పక్కనే నిలబడి ఉంది. నేను గోడ దగ్గర ఉన్నాను. ఆసియా నన్ను ఒకసారి చూసింది. "ఎవురూ చెప్పలేదు సాబ్, నేనే మరిసిపోతిని" అంది. "నెల రోజులు మరిచిపోయావా?" అని డాక్టరు కసిరాడు. "బుద్ధి లేనిదాన్ని సాబ్" అంది. మామా వదల్లేదు. జబ్బు దాచినందుకు తిట్టింది, మందు మానినందుకు తిట్టింది, లేవగానే టికెట్టు తీసి పంపేస్తానంది. ఆసియా తలకాయ ఊపుతూనే ఉంది. నువ్వు డాక్టరు కావాలి కదా, నీకు మచ్చ రాకూడదని ఆమె మోసింది అదంతా.

నేను నోరు తెరవలేదు పుష్పా. గోడకు ఆనుకొని, చేతులు కట్టుకొని, మామా చెప్పినదానికి నేనూ తల ఊపాను.

ఇంటికొచ్చి ఫోను వెలుగు పెంచి నీ ఉత్తరం మళ్లీ చూశాను. 'మానెయ్యమను'కు ముందరి మాటలో 'మ' పక్కన చిన్న కొమ్ము ఉంది. ఉందనుకుంటే ఉంది, లేదనుకుంటే లేదు. నువ్వు 'ముందు' అని రాశావా, 'మందు' అని రాశావా? ఏది రాసినా తప్పు నాది. షుగర్ మాత్రలు ఒంటికి వేడి చేస్తాయి, కాలికి వేడి పనికిరాదు, అందుకే పాప వేడినీళ్లూ మందూ రెండూ మానమంది అని ఆసియాకు నేనే విడమరచి చెప్పాను. ఆ విడమరచడం నీ కాగితంలో ఎక్కడా లేదు. అది నా సొంత వైద్యం. నాలుగో తరగతి చదివినవాడి వైద్యం.

వీధిలో వాళ్లు ఆసియా ఎట్లుందని అడుగుతున్నారు. కారు తుడుస్తూ తల ఎత్తడం లేదు.

నాయన

*

దవావ్
24 ఫిబ్రవరి

నాయనా,

'ముందు' అనే రాశాను. కానీ తప్పంతా నీదే అనడానికి లేదు. ఈ ఉత్తరం నిదానంగా, విడి విడి అక్షరాలతో రాస్తున్నాను. ప్రతి మాటా చదువు.

'మందు చదువు' అని నువ్వు జనవరిలో రాసినప్పుడే నాకు తెలిసింది, నా రాత నువ్వు తప్పు చదివావని. దిద్దలేదు. ఆ రోజే ఆర్గానిక్ కెమిస్ట్రీలో నూటికి ఇరవై రెండు వచ్చాయి. పేపరు మడిచి బ్యాగు అడుగున పెట్టి, నీ ఉత్తరం తెరిచాను. వైద్యం మొదలుపెట్టిందని అమ్మతో చెప్పానన్నావు. నాకు అది చదువుతుంటే బాగుంది. అబద్ధమని తెలిసీ బాగుంది. 'రెండూ మానేసింది' అన్నావు. రెండేమిటని అనుమానం వచ్చింది. అడిగితే మందు చదువు మాట కూడా విప్పాల్సి వస్తుంది. అందుకే 'మంచిది' అని రాశాను. నేను ఆ రోజే ఆ ఒక్క మాట అడిగివుంటే ఆసియత్త రెండు మూడు రోజుల్లోనే మళ్లీ మాత్రలు వేసుకునేది.

బి.ఎస్. అంటే ఎం.బి.బి.ఎస్.లో ముక్క కాదు. అది వేరే డిగ్రీ. ఇక్కడ అది పూర్తయ్యాక పరీక్ష రాసి, సీటు వస్తే, అప్పుడు డాక్టరు చదువు మొదలవుతుంది. నేను పావు వంతు డాక్టర్ని కాదు. అసలు ఆ చదువులో ఇంకా చేరనే లేదు. కెమిస్ట్రీ ఈసారి తప్పేట్టుంది. ఒక తలుపు దగ్గర నిలబడి లోపల ఉన్నట్టు మాట్లాడాను.

ఈ ఉత్తరం ఆసియత్తకు చదివి వినిపించు. మామా ముందే చదువు. ఒక్క మాట కూడా వదలొద్దు. నాకు మచ్చ వస్తుందని ఆగొద్దు.

నాకు ఇక్కడ ఉండబుద్ధి కావడం లేదు. ల్యాబ్‌లో చేతికి తొడుగు వేసుకుంటుంటే వేళ్లు లెక్కపెట్టుకుంటున్నాను. మానేసి వచ్చేస్తాను నాయనా.

పుష్పలత

*

సల్వా
7 మార్చి, శుక్రవారం

అమ్మా పుష్పా,

నీ ఉత్తరాన్ని దుకాణంలో పెద్ద అక్షరాలతో ప్రింటు తీయించి జేబులో పెట్టుకొని తొమ్మిది రోజులు ఆస్పత్రికి పోయి వచ్చాను. రోజూ చదవాలనే పోయేవాణ్ని. నర్సు ఉందని ఒకరోజు, ఆసియా నిద్రపోతోందని ఒకరోజు, రంజాన్ మొదలైందని ఒకరోజు. నీకు ఇరవై ఏళ్లు, పదో రోజుకే ఉన్నదంతా రాసేశావు. నాకు అరవై మూడు. మడత విప్పడానికి చేతులు రాలేదు.

నిన్న మామా వచ్చింది, టికెట్టు కోసం ఆసియా పాస్‌పోర్టు వివరాలు అడగడానికి. ఆమె సంచిలో నుంచి కాగితం తీయగానే నేనూ తీశాను. మొదటి అక్షరం నుంచి చదివాను. రెండుచోట్ల ఆగాను, ఆగిన చోటు నుంచే మళ్లీ చదివాను. ఏమిటది అని మామా అడిగింది. నాకొచ్చిన అరబ్బీలో చెప్పాను. ఈమె మరిచిపోలేదు, మందు మానమని చెప్పినవాణ్ని నేను, నా బిడ్డ రాసింది అది కాదు, నా బిడ్డ దక్తోరా కాదు, ఇంకా చిన్న చదువులోనే ఉంది అని. మామా నా వైపు తిరిగింది. "ఇరవై రెండేళ్లు నా పిల్లలను నీ చేతిలో పెట్టాను, తిమ్మా" అంది. అంతే. టికెట్టు కాగితం సంచిలో పెట్టుకొని పోయింది. చింపలేదు, టికెట్టు తీయించనూ లేదు. అది ఏమవుతుందో తెలియదు. నా నౌకరీ కూడా.

ఆసియా మాత్రం నన్ను చూడలేదు. పైకప్పు చూస్తూ అంది, "తప్పు సదివినావు, సరే తిమ్మన్నా. కన్ను కనపడదు, ఒప్పుకుంటా. ఆ పొద్దు నలుగురిలో నేను బుద్ధి లేనిదాన్ననిపించుకుంటి గదా, డాక్టరు కాబోయే బిడ్డ పేరు పోగూడదని. నువ్వు గోడ కాడ నిలబడి తలకాయ ఊపితివి. నేను ఎవురి కోసం అబద్ధమాడినట్టు?"

ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది.

బయటికొచ్చి మా వీధిలో కునాఫా తిన్న ఒక్కొక్కరి దగ్గరికీ పోయి చెప్పాను, మా పాప డాక్టరు కాదు అని. ఎందుకు చెప్తున్నానో కూడా చెప్పాను. కొందరు నవ్వారు. ఒకడు "కునాఫా మళ్లీ అడుగుతావా ఏందన్నా?" అన్నాడు. హుస్సేన్ వలి నవ్వలేదు. "దా, టీ తాగుదాం" అన్నాడు, అంతలోనే "అయ్యో, ఉపవాసం" అని నాలుక కరుచుకొని, ఏమీ తోచక నా భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

ఈ రోజు గంజి కాచి తీసుకుపోయాను. నేను కాచిన గంజి, ఉప్పు ఎక్కువైంది. ఆసియా తాగింది. గిన్నె తీసుకొని లేవబోతుంటే, గోడ వైపే చూస్తూ అడిగింది, "ఆ కెమిస్ట్రీ మళ్లా ఎప్పుడు రాయాల్నంటా?" తెలియదన్నాను. "కనుక్కో" అంది.

మానేసి వస్తానన్నావు. నువ్వు వచ్చినా ఆ వేళ్లు రావు. నిన్ను ఇంత తొందరగా డాక్టర్ని చేసింది నేను. ఆ తొందర నాది, చదువు నీది. అది ఎంత చిన్నదైతే అంతే చదువు. తెలియనిది తెలియదని మాస్టర్లను అడుగు. సిగ్గుపడే పని ఇక్కడ నేను చేస్తాను.

కెమిస్ట్రీ రాసినాక పాసైనా తప్పినా నాకు రాయి. నేను ఎవరికీ చెప్పను. ఆసియా అడిగింది కాబట్టి ఆమెకొక్కదానికే చెప్తాను.

తిమ్మయ్య